గుమ్మం నుంచి ఎన్ని అడుగులు?

(గోలేటిలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత సర్వేయరు చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయినవారు, రిటైరు కాబోతున్నవారు ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి, పిల్లలకు ఎక్కడ కొనిపెట్టాలి అనే విషయం మీద కాసేపు మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను వక్తను కాను. సర్వే డిపార్టుమెంటులో చైన్‌మన్‌గా చేరి, పరీక్ష రాసి, సర్వేయరుగా దిగిపోయినవాణ్ణి. నాకు మాటల కంటే కొలతలు అలవాటు. కాబట్టి కొలతల్లోనే చెబుతాను. ఇందులో నేను సాధించిన గొప్ప ఏమీ లేదు. నేను చేసిన తప్పు ఉంది. అది మీరెవరూ చేయకూడదనే ఈ మైకు ముందుకు వచ్చాను.

ముందుగా ఒక మాట. నేను అడుగు అన్నప్పుడల్లా పన్నెండు అంగుళాల అడుగు అనుకోకండి. కాలి అడుగు. నా అడుగు సగటున 75 సెంటీమీటర్లు. వెయ్యి అడుగులంటే ముప్పావు కిలోమీటరు, మామూలు నడకలో పది నిమిషాలు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

నేను 1975లో గోదావరిఖనిలో చేరాను. అప్పటికి అక్కడ గనులు మొదలై పదిహేనేళ్ళయినా నిండలేదు. బాయి దగ్గర ఒక అద్దె గదిలో కాపురం పెట్టాం. 1989లో గోలేటికి బదిలీ అయింది. నా భార్య కంటనీరు పెట్టుకుంది. గోదావరిఖని అంటే చౌరస్తా, సినిమా హాళ్ళు, అంగళ్ళు. గోలేటి అంటే అడవి అని ఆమె భయం. క్వార్టరు తాళం చేతికొచ్చిన మర్నాడు, నాకున్న అలవాటు కొద్దీ, మా గుమ్మం నుంచి ఒక్కొక్క చోటికి నడిచి లెక్క రాసుకున్నాను. ఆ చిన్న పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మార్కెట్టు 400 అడుగులు. బడి 560. బస్సులాగే చోటు 650. డిస్పెన్సరీ 720. ఆటస్థలం, క్లబ్బు 800. వెయ్యి దాటిన చోటు ఒక్కటీ లేదు.

ఆ లెక్క విలువ ఏమిటో ఆ రోజు నాకూ తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

మాది పెద్దపల్లి వైపు చిన్న పల్లె. నాకంటే అయిదేళ్ళు చిన్నది మా చెల్లె. ఎక్కాలు నాకంటే ముందు ఒప్పజెప్పేది. ఊళ్ళో బడి అయిదో తరగతి దాకానే. హైస్కూలు నాలుగు మైళ్ళు. నేను మగపిల్లవాణ్ణి కనుక నడిచి వెళ్ళాను, తర్వాత సైకిలు వచ్చింది. ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా ఎట్లా పంపుతామని మా బాపు ఆమెను 1969లో మానిపించాడు. ఆయన చెడ్డవాడు కాడు. దూరానికి భయపడ్డాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత నా బిడ్డ ఇదే గోలేటిలో బడికి పోయింది. నేను నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకునేవాణ్ణి. మా ఆవిడకు నీళ్ళు పట్టుకునే వేళ, వంట వేళ. బిడ్డను బడిలో దింపిన రోజు నాకు ఒక్కటీ గుర్తులేదు. పక్క క్వార్టరు పిల్ల, ఎదురు లైను పిల్ల, మా పిల్ల కలిసి పోయేవారు, కలిసి వచ్చేవారు. ఆలస్యమైతే మార్కెట్టు దగ్గర ఎవరో ఒకరు చూసినవారుండేవారు. ఆ పిల్ల పదో తరగతి దాటింది, డిగ్రీ అయింది, బీయెడ్ అయింది, ఇవాళ ప్రభుత్వ బడిలో టీచరు. నా బిడ్డ తెలివి నా చెల్లె తెలివి కంటే ఎక్కువేమీ కాదు. ఒకరికి బడి నాలుగు మైళ్ళు, ఇంకొకరికి 560 అడుగులు. తేడా అంతే.

అట్లాగని క్వార్టరు స్వర్గం అని చెప్పను. ఉన్నవి రెండు గదులు. మా అమ్మతో కలిపి ఆరుగురం. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకోవాలంటే పిల్లల నోళ్ళు మూయించాలి. సాయంత్రం ఆరింటికి అన్ని ఇళ్ళ బొగ్గు పొయ్యిలూ ఒక్కసారి రాజుకుంటే కాలనీ మీద పొగ దుప్పటి కప్పినట్టుండేది. పక్కింటి తగాదా మనింట్లో వినపడేది, మనది వాళ్ళకు వినపడేది. అప్పట్లో అందరం ఒక్కటే కలగన్నాం. రిటైరయ్యాక నాలుగు గదులు, నాలుగు పక్కలా ఖాళీ స్థలం, చుట్టూ ప్రహరీ ఉన్న ఇల్లు కట్టుకోవాలి. నేనూ ఆ కలే కన్నాను. ఆ కలే నా తప్పు.

2013లో రిటైరయ్యాను. క్వార్టరు ఖాళీ చేయాలి. చేతిలో గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ డబ్బు ఉన్నాయి. జన్మలో అంత డబ్బు ఒక్కసారి చూడలేదు. మంచిర్యాల దాటాక రోడ్డు వెంబడి ఒక వెంచరులో 200 గజాల ప్లాటు కొన్నాను. రంగురంగుల కాగితం మీద అక్కడ పార్కు ఉంది, బడి ఉంది, అంగళ్ళ సముదాయం ఉంది. నేలమీద కంకర రోడ్డు, హద్దురాళ్ళు ఉన్నాయి. నలభై ఏళ్ళు సర్వే చేసినవాణ్ణి హద్దురాళ్ళు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూశాను కానీ, గుమ్మం నుంచి అడుగులు లెక్కపెట్టలేదు. మా ఆవిడను అడగలేదు. స్థలం, ఇల్లు కలిపి 29 లక్షలు అయింది. 2014లో గృహప్రవేశం చేశాం. మీలో చాలామంది వచ్చారు, భోంచేశారు, మెచ్చుకున్నారు.

మొదటి ఏడు బాగానే ఉంది. తర్వాత లెక్కలు ఒక్కొక్కటి బయటపడ్డాయి. పాల పాకెట్టుకు బండి తీయాలి. కూరగాయలకు బండి. మందు బిళ్ళకు బండి. బస్సు ఎక్కాలంటే మెయిన్ రోడ్డు దాకా బండి. నాకు బండి నడపడం వచ్చు. మా ఆవిడకు రాదు. గోలేటిలో రోజుకు నాలుగుసార్లు గుమ్మం దాటిన మనిషి, అక్కడ నేను తీసుకెళ్తేనే బయటికి. ఒకరోజు అన్నది: "ఇంట్ల అన్ని ఉన్నయి. నాకే యాడికీ పోవుడు లేదు."

ఇక్కడ మన పెన్షన్ సంగతి కూడా అనుకోవాలి. మన బొగ్గు గనుల పెన్షన్ పథకం 1998లో వచ్చింది. అందులో కరువు భత్యం కలవదు. దిగిపోయిన నెలలో ఎంత నిర్ణయమైందో, మనలో చాలామందికి ఇవాళ్టికీ అంతే. పెట్రోలు ధర అట్లా నిలబడి ఉండదు కదా. ప్రతి చిన్న పనికీ బండి తీయాల్సిన ఇల్లు, పెరగని పెన్షను, ఈ రెండూ ఒక సంసారంలో ఇమడవు.

2017 నవంబరు. పెన్షనర్లకు నవంబరు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు, బతికే ఉన్నామని కాగితం ఇచ్చే నెల. ఉదయం పదింటికి ఆ పనిమీద మంచిర్యాల వెళ్ళాను. వరుస పెద్దగా ఉంది. ఇల్లు చేరేసరికి మూడైంది. మా ఆవిడ పెరట్లో బట్టల బండ దగ్గర పడి ఉంది. పదకొండింటికి జారిందట. తుంటి ఎముక విరిగింది. ఫోను ఇంట్లో ఉంది, ఆమె పెరట్లో ఉంది. నాలుగు గంటలు. ఆ వెంచరులో నలభై ప్లాట్లకు లేచినవి ఆరు ఇళ్ళు, మనుషులున్నవి రెండు. రెండో ఇంటివాళ్ళు పగలంతా కొలువుల మీద పోతారు. ఏడడుగుల ప్రహరీ నేనే దగ్గరుండి కట్టించాను. కరీంనగర్‌లో ఆపరేషను అయ్యాక ఆమె నాతో అన్న మొదటి మాట ఇది: "మస్తు ఒర్రిన. గోడకే తాకింది."

మిత్రులారా, గోలేటి క్వార్టరులో అయితే పక్కింటి ఆవిడ రెండు నిమిషాల్లో గోడ మీంచి తొంగి చూసి ఉండేది. పక్కింటి తగాదా మనకు వినపడుతుందని విసుక్కున్నామే, ఆ వినపడటంలోనే మన ప్రాణం ఉందని నాకు ఆ రోజు అర్థమైంది.

ఇది నా ఒక్కడి అనుభవమా, ఎవరైనా దీని గురించి ఆలోచించారా అని నాకు పట్టుకుంది. మా అబ్బాయి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. వాణ్ణి అడిగితే వెతికి కొన్ని సంగతులు చెప్పాడు. అమెరికాలో క్లారెన్స్ పెర్రీ అనే ఆయన 1929లోనే ఒక పద్ధతి చెప్పాడట. ఒక ప్రాథమిక బడికి సరిపడా కుటుంబాలను ఒకచోట ఉంచాలి. బడి నడిమధ్య ఉండాలి. ఏ పిల్లా పెద్దరోడ్డు దాటకుండా నడిచి చేరాలి. పెద్ద బండ్లు చుట్టూ పోవాలి తప్ప మధ్యనుంచి పోకూడదు. అంగళ్ళు అంచుల్లో ఉండాలి. దీన్నే నైబర్‌హుడ్ యూనిట్ అన్నారు. మన దేశంలో చండీగఢ్‌లో ఒక్కో సెక్టారును 800 మీటర్లు, 1200 మీటర్ల కొలతల్లో గీసి, బడి, అంగళ్ళు ఆ సెక్టారులోనే నడిచిపోయే దూరంలో పెట్టడంలో ఈ ఆలోచనే ఉంది. మన కంపెనీ కాలనీలు గీసినవారు ఆ పుస్తకాలు చదివారో లేదో గానీ, మూడు షిఫ్టుల మనుషులకు, బండి లేని ఇళ్ళకు నడకదూరం తప్ప వేరే దారి లేదు. అవసరం నేర్పిన పాఠం అది.

మరి ఆ దేశంలోనే దీనికి విరుద్ధమైనది కూడా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1947లో న్యూయార్కు బయట లెవిట్‌టౌన్ అనే వెంచరు మొదలుపెట్టారు. నాలుగైదేళ్ళలో 17 వేలకు పైగా ఒకే రకం ఇళ్ళు లేచాయి. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు చౌకగా సొంత ఇల్లు దొరికింది. వాళ్ళను తప్పుపట్టలేం. కానీ ఆ దారిలో వచ్చిన చాలా ఊళ్ళలో ఇళ్ళ మధ్య అంగడి పెట్టడానికి చట్టమే ఒప్పుకోదు. ఇళ్ళు ఒకచోట, అంగళ్ళు ఇంకోచోట, మధ్యలో కారు. మన సభ్యుల్లో కొందరు అక్కడ పిల్లల దగ్గర ఆరేసి నెలలు ఉండి వచ్చారు. ఇల్లు అద్దంలా ఉంది, సాయంత్రం కొడుకు కారు వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవడమే పని అని వాళ్ళు చెప్పినప్పుడు మనం నవ్వాం. నేను మంచిర్యాల దాటాక అదే కట్టుకున్నాను, కారు కూడా లేకుండా.

జేన్ జేకబ్స్ అనే ఆవిడ న్యూయార్కులో ఇరుకు వీధుల పేటలో కాపురముండి, 1961లో పట్టణాల మీద ఒక పుస్తకం రాసింది. వీధిని ముందుగా కాపాడేది పోలీసులు కాదు, అరుగుల మీంచి, కిటికీల్లోంచి, అంగళ్ళలోంచి చూసే కళ్ళు అని ఆవిడ వాదన. ఇది మా ఆవిడకు చెప్పాను. "గది జెప్పనీకి పుస్తకం గావాల్నా" అంది.

2019లో ఇల్లు అమ్మేశాను. 24 లక్షలు వచ్చాయి. అయిదు లక్షల నష్టం. ఈ అంకె ఇవాళ్టిదాకా బయట ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడ్డాను. ఇప్పుడు గోలేటి ఊళ్ళో, టౌన్‌షిప్పుకు ఆనుకుని, రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. మా ఆవిడ కర్ర పట్టుకుని 300 అడుగులు నడిచి మార్కెట్టు మొదట్లో ఉన్న అంగడి అరుగు మీద కూర్చుంటుంది. సాయంత్రం ఆమె కనపడకపోతే ముగ్గురు వచ్చి ఏమైందని అడుగుతారు. మాకు ఇంతకంటే పెద్ద ఇల్లు అక్కర లేదు.

ఇక రెండో సంగతి. 2022లో మా అబ్బాయి ఫోను చేశాడు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు దాటి, శంకర్‌పల్లి దారిలో ఒక విల్లా చూశారట. నా దగ్గరున్న 24 లక్షలు సర్దితే మిగతాది బ్యాంకు లోను. నేను వెళ్ళాను. చూడముచ్చటగా ఉంది, అబద్ధం చెప్పను. ఈతకొలను, పచ్చిక, పెద్ద గేటు, కాపలా. చూపించే కుర్రవాణ్ణి అడిగాను: "బాబూ, చక్కెర అయిపోతే మా కోడలు ఎటు పోవాలి?" "ఎక్కడికీ పోనక్కర్లేదు సార్, ఫోనులో నొక్కితే గేటు దగ్గరికి వస్తుంది" అన్నాడు. నిజమే, వస్తుంది. గోలేటిలో మా ఆవిడ చక్కెరకని పోయి, పక్కింటివాళ్ళ కోడలికి నెలలు నిండాయని తెలుసుకుని వచ్చేది. ఆ కబురు గేటు దగ్గరికి రాదు.

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "బాపూ, ఆఫీసుకు ఇరవై నిమిషాలే" అన్నాడు అబ్బాయి. "నీకు ఇరవై నిమిషాలు. పిల్లకు?" అన్నాను. ఎనిమిదేళ్ళ మనవరాలికి స్కూలు బస్సు ఏడు లోపే వస్తుంది, యాభై నిమిషాల ప్రయాణం. మా కోడలు ఒప్పుకోలేదు. "మామయ్యా, సిటీల పొగ, ట్రాఫిక్కు. ఫుట్‌పాత్‌లు లేవు. పిల్లను రోడ్డు మీదికి ఎట్ల పంపుతం? ఇక్కడ లోపల ఆడుకుంటరు, భయం లేదు" అంది. ఆమె మాట తీసిపారేసేది కాదు. మన పట్టణాల్లో నడిచేవాడికి దారి లేకుండా చేశారు. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు నిలబెడతారు, లేనిచోట గుంతలుంటాయి. నడకదూరం ఒకటే చాలదు, నడవగలిగే దారి కూడా కావాలి.

నేను ఒక్కటే కోరాను. కొనే ముందు ఆరు నెలలు అద్దెకుండి చూడండి, నా డబ్బు ఎక్కడికీ పోదు అన్నాను. విద్యానగర్‌లో రెండు పడకగదుల అద్దె ఇంట్లోకి మారారు. ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకుని పెరిగిన పాత పేటలు అవి. ఇంటింటికీ బండి లేని రోజుల్లో పెరిగినవి కనుక బడి, గుడి, ఆసుపత్రి, నల్లకుంట కూరగాయల మార్కెట్టు, రైల్వే స్టేషను అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. మళ్ళీ నా పుస్తకం తీశాను. పిల్ల బడి 480 అడుగులు. డాక్టరు 350. కూరగాయలు 900. లోకల్ రైలు ఎక్కే స్టేషను 1100.

నేను ఆ ఆరు నెలలూ నోరెత్తలేదు. నిర్ణయం కోడలిదే. తర్వాత ఆమే చెప్పింది: "మామయ్యా, నెల దాటినంక ఒకటి గమనించిన. నన్ను అక్కడ దింపు, ఇక్కడ దింపు అని ఆయనను అడుగుడు మానేసిన." ఆమె ఇప్పుడు దగ్గరలోని ఒక బడిలో పాఠాలు చెబుతోంది. విల్లాలో ఉంటే ఆ కొలువు ఉండేది కాదని ఆమే అంటుంది. మనవరాలు మొదటి మూడు నెలలు అమ్మ చేయి పట్టుకుని, తర్వాత ఇద్దరు స్నేహితురాళ్ళతో బడికి పోతోంది. దాటవలసిన రోడ్డు ఒకటుంది. అక్కడ ఇడ్లీ బండి ఆయన చేయెత్తి ఆటోలు ఆపుతాడు. ఆయనకు జీతం ఎవరూ ఇవ్వరు.

దీనికి ఖరీదు లేదా అంటే ఉంది. అది కూడా చెప్పకపోతే నేను కూడా రంగుల కాగితం పంచినట్టే అవుతుంది. మా అబ్బాయి ఆఫీసు హైటెక్ సిటీ వైపు. ఇరవై నిమిషాల దారి గంట దాటింది. రైలు అందితే రైలు, లేకపోతే బస్సు. వారంలో కొన్ని రోజులు ఇంటినుంచే పని ఉంది కనుక గడుస్తోంది. "ఒక్కణ్ణి తిరిగితే ముగ్గురు నడుస్తున్నారు కద బాపూ" అంటాడు. ఇంట్లో దుమ్ము ఎక్కువ. పండుగలప్పుడు మైకుల మోత. పిల్లలకు పచ్చిక లేదు. చివరికి 2023లో వాళ్ళు అక్కడే కొన్న ఫ్లాటు రెండో అంతస్తు, పాత కట్టడం, లిఫ్టు లేదు. మెట్లు 38. నేను వెళ్ళి గుమ్మం నుంచి అన్ని వైపులా అడుగులు లెక్కపెట్టి సరేనన్నాను. తుంటి ఆపరేషను అయిన మా ఆవిడ ఆ మెట్లు ఎక్కలేదన్నది నాకు తట్టలేదు. ఆమె ఆ ఇంటికి ఒక్కసారే వెళ్ళింది. ఇద్దరు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. మూడు రోజులుండి, మళ్ళీ అట్లాగే దిగివచ్చింది. "అడుగులు లెక్కపెట్టినవు, మెట్లు లెక్కపెట్టకపోతివి" అని ఇప్పటికీ దెప్పుతుంది. మనవరాలు సెలవులకు ఇక్కడికే వస్తుంది. కొడుకు ఇంట్లో ముసలితనం గడపాలనుకున్న ఆమె కోరిక మాత్రం ఆ మెట్ల దగ్గరే ఆగింది. ఈ తప్పు కూడా నాదే.

కనుక, రిటైరు కాబోతున్న తమ్ముళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది. ఇల్లు చూడటానికి బండి మీద, కారులో పోకండి. దూరంగా దిగి నడిచి పోండి. పొద్దున ఒకసారి, ఎండలో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి నడవండి. గుమ్మం నుంచి అయిదు చోట్లకు అడుగులు లెక్కపెట్టండి. పాలు కూరగాయలు, బడి, డాక్టరు మందుల షాపు, బస్సు, నలుగురితో కూర్చునే ఒక చోటు. అయిదో దాన్ని మరవకండి. వెయ్యి అడుగుల లోపు ఎన్ని ఉన్నాయో అదే ఆ ఇంటి అసలు విలువ. మెట్లు వేరుగా లెక్కపెట్టండి.

రెండోది. ఇంట్లో బండి నడపలేని మనిషిని ముందు అడగండి. ఇల్లాలు కావచ్చు, పదేళ్ళ పిల్ల కావచ్చు, ముసలి తల్లి కావచ్చు. ఆ ఇల్లు వాళ్ళను ఎవరినీ అడగకుండా బయటికి పోనిస్తుందా లేదా చూడండి. రేపు మన కళ్ళు మసకబారితే మనమూ ఆ వరుసలోకే వస్తాం.

మూడోది. గ్రాట్యుటీ అందిన ఏడాదిలోపే ఇల్లు కొనాలనే తొందర వద్దు. కొనదలచిన చోట ఆరు నెలలు అద్దెకుండండి. అద్దె దండగ అనుకోకండి. నేను ఆ దండగ మిగిల్చుకోబోయి అయిదు లక్షలు పోగొట్టుకున్నాను.

నాలుగోది. వెంచరు వాళ్ళు చూపించే కాగితం మీద బడి ఉందంటే, బడి గంట వినపడిందా అని అడగండి.

చివరగా మన గోలేటి గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. నేను 1989లో రాసుకున్న లెక్కలో అడుగులు ఇవాళ్టికీ మారలేదు. మనుషులు మారారు. 1990ల మొదట్లో మన కంపెనీలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చింది. భూగర్భ గనులు మూతపడి, ఓపెన్‌కాస్టులు వచ్చాక తక్కువ మందితో పని నడుస్తోంది. బెల్లంపల్లిలో గనులు పోయాక ఊరు ఎట్లా చిన్నబోయిందో మనమంతా చూశాం. బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజరు ఆఫీసు ఇవాళ మన గోలేటిలో ఉందంటేనే ఆ కథ తెలుస్తుంది. 400 అడుగుల్లో మార్కెట్టు ఉండాలంటే కొనేవాళ్ళు ఉండాలి. 560 అడుగుల్లో బడి ఉండాలంటే పిల్లలు ఉండాలి. నడిచే ఊరు ఇటుకలతో నిలవదు, నడిచే మనుషులతో నిలుస్తుంది. మనం ఒక్కొక్కరం గ్రాట్యుటీ తీసుకుని దూరపు ప్లాటుకు పోతే, ఇక్కడ మిగిలినవారికి కూడా అంగడి దూరమవుతుంది.

అందుకని సంఘానికి మూడు విన్నపాలు చేస్తున్నాను. ఖాళీగా ఉండి పాడైపోతున్న క్వార్టర్లను, ఉద్యోగులకు అవసరం లేనివాటిని, రిటైరయినవారికి న్యాయమైన అద్దెకు ఇవ్వాలని మన వినతిపత్రంలో చేర్చాలి. ఊరికీ టౌన్‌షిప్పుకూ మధ్య నడిచే దారిలో దీపాలు, కూర్చోవడానికి నాలుగు బల్లలు అడగాలి. మూడోది మన చేతిలోనే ఉంది. నవంబరులో బతికి ఉన్నామని కాగితం ఇవ్వడానికి మన ముసలివాళ్ళు పట్నం పోనక్కరలేకుండా, ఇక్కడే రెండు రోజుల శిబిరం పెట్టాలి. నడవలేనివారి ఇళ్ళకు ఫోను పట్టుకుని నేనే పోతాను. ఆ నవంబరు రోజు నేను మంచిర్యాలలో వరుసలో నిలబడి ఉండకపోతే మా ఆవిడ నాలుగు గంటలు నేలమీద పడి ఉండేది కాదు. ఈ పనికి మొదటి పేరు నాది రాసుకోండి.

 సభ అయ్యాక మా ఇంటికి టీకి రండి. ఇక్కడి నుంచి 640 అడుగులు. మెట్లు లేవు.